మేస్త్రిగారి అంచనా చీటీ: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

కోనసీమలోని యొక అగ్రహారమున, కొబ్బరితోటల నడుమ, మా అత్తవారి మండువా లోగిలి కలదు. నాలుగు వైపుల పెంకు కప్పులును లోనికి వాలి, వాననీటినంతటిని నడిమి మండువాలో దింపుకొని, తూముగుండ వీధి కాలువకు సాగనంపునట్టి పాతకాలపు కట్టడమది. గోడలు గానుగ సున్నముతో లేచినవి. ద్వారబంధములును దూలములును బర్మా టేకువి. వీధి అరుగు ముగ్గురు పండుకొనగల వెడల్పుది. 1996 నవంబరు తుఫానులో తూర్పు వసారా కప్పు లేచిపోగా ఆపద్ధర్మముగా వేసిన రేకులు, ఆపద తీరి యిన్నేండ్లయినను, అచటనే స్థిరపడియున్నవి.

ఇంటికి పెద్ద మా అత్తగారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. స్నానపుగది పెరటి చివర, బావికి ఆవల, మెట్లెక్కి పోవలసిన చోట నున్నది. వానకాలపు రాత్రి యొక చేత గొడుగును, ఇంకొక చేత టార్చిలైటును పట్టుకొని, గోడ పట్టుకొనుటకు మూడవ చేయి లేక ఆమె పడు నవస్థను చూచి, పడకగదికి ఆనుకొని చిన్న స్నానపుగది యొకటి కట్టింపవలెనని మా బావమరిది సంకల్పించెను. సంకల్పమింతే. ఇంత గోరంత సంకల్పమునుండి 11 లక్షల రూపాయల కొండంత గ్రంథ మెట్లు ప్రభవించెనో నిరూపించుటయే యీ వ్యాఖ్యకు విషయము. పాత యింటిని బాగుచేయింప దలచిన వారెల్ల దీనికి అధికారులు. ప్రయోజనము చదివినవారే తేల్చుకొనవలెను.

గ్రంథకర్త తాపీమేస్త్రి. గ్రంథము నిలిచిన ఆధారము ఒక శుభలేఖ కవరు వెనుకభాగము. లేఖిని వడ్రంగి చెవిమీదనుండి అరువు తెచ్చిన పెన్సిలు. శైలి పరమ సంక్షిప్తము. అర్ధమాత్ర తగ్గింపగలిగినచో వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడుదురని లోకమున నొక మాట కలదు. ఆ లెక్కను మా మేస్త్రి బహుసంతానవంతుడు. ఇట్టి సూత్రప్రాయమగు రచనకు వ్యాఖ్య లేనిదే అర్థము దొరకదు గనుకను, సంస్కృతము చదువుకొన్న యల్లుడు సిమెంటు విషయమున పనికిరాకపోయినను దీనికైన పనికివచ్చునని ఇంటివారు తలచినందువలనను, ఈ పని నాకు తగిలినది.

మూలము

పాత పెంకు దింపి వాసాలు చూసి మళ్ళీ నేత. వాసం మారిస్తే వేరే.
గోడలు చెక్కి సిమెంటు ప్లాస్టింగు, రంగులు.
వెనక గది (12 × 18 అని వ్రాసి కొట్టివేత) 15 × 15 స్లాబు. బాత్రూం అటాచుడు.
ఇసుక ఫ్రీ. కిరాయి వేరే.
కరెంటు ప్లంబింగు వగైరా. ఫిట్టింగులు వేరే.
పాత సామాను మాది.
మొత్తం 11 లక్షలు అటూ ఇటూ.

“పాత పెంకు దింపి వాసాలు చూసి మళ్ళీ నేత. వాసం మారిస్తే వేరే.”

టీక. పాత పెంకు = తాతలనాటి గూనపెంకును; దింపి = పగిలినంత పగులగా మిగిలినదానిని నేలకు దించి; వాసాలు = కప్పు మోయు కఱ్ఱలను; చూసి = చూచి; మళ్ళీ నేత = తిరిగి కప్పుట; వాసం మారిస్తే = వాసమును మార్చవలసి వచ్చెనేని; వేరే = దాని ఖర్చు వేరు.

విశేషము. పదములన్నియు సుగమములే. కాని గ్రంథకర్త ప్రతిభయంతయు “చూసి” అను నసమాపక క్రియలో దాగియున్నది. పెంకు దింపినగాని వాసములు కనబడవు. వాసములు కనబడినగాని చెద యెంత తిన్నదో తెలియదు. చెద సంగతి తెలిసినగాని ఖర్చు తేలదు. ఖర్చు తేలునప్పటికి కప్పు నేలమీద నుండును గనుక, వలదనుటకు గృహస్థునకు నోరుండదు. నెత్తిన ఆకాశము పెట్టుకొని బేరమాడినవాడు లోకమున లేడు.

ఇందులో మేస్త్రి మోసమేమియు లేదని మొదటనే చెప్పవలెను. నేను చూచుచుండగనే అతడు నిచ్చెన వేసికొని ఈశాన్యమూలకెక్కి, రెండు పెంకులు తొలగించి, తాపీ పిడితో మూలవాసమును తట్టెను. రెండు వాలుల నీరును వచ్చి కలియు తావు అదియే గనుక ఏ మండువా యింటనైనను ముందుగా పుచ్చిపోవునది ఆ వాసమే. ఒకచోట తట్టిన గణగణ మ్రోగినది. జానెడు దూరమున తట్టగా బొయ్యిమను చప్పుడుతో పాటు పసుపుపచ్చని పొడి ధారగా జాఱి అతని చొక్కా జేబులో పడినది. “డొల్లండి బాబూ. ఇక్కడ డొల్ల. మిగతాది దింపితే గానీ నేను చెప్పలేను, ఆయ్,” అనెను. పరమసత్యము. కాని ఈ పరీక్షను ఒప్పందమునకు తరువాత గాక ముందు చేయింపవలెను. ఒక పూట కూలి యిచ్చి నాలుగు మూలల పెంకులను విప్పి చూపించుకొన్నచో, “చూసి” అను పదములోని రహస్యము ముప్పాతిక బయటపడును. మా బావమరిది అటులే చేయించెను. రెండు మూలలు గట్టివి, రెండు మూలలు పొడి.

పెంకు విషయమున నొక చిక్కు. గూనపెంకు దింపునపుడు కొంత పగులక తప్పదు. పగిలినదానికి జత తెత్తమన్న నేడు దానిని చేయు కుమ్మరి దొరకుట దుర్లభము. కావున కప్పంతయు బెంగుళూరు పెంకుతో మార్చుడని చూడవచ్చిన ప్రతివాడును ఉపదేశించును. (1865లో మంగుళూరునందు బాసెల్ మిషన్‌వారు పెట్టిన కర్మాగారమున పుట్టి దేశమంతట వ్యాపించిన బిళ్లపెంకును మన గోదావరి సీమలో బెంగుళూరు పెంకనుట ఏల వచ్చెనో, రెండూళ్లకును లేని తగవు మనకేల.) అయితే బిళ్లపెంకునకు కొలతప్రకారము బద్దెలు కొట్టవలెను, గూనపెంకునకు వేసిన పాత బద్దెలు దానికి పనికిరావు. పెంకు మార్చితిమా బద్దె మాఱవలెను. బద్దె మార్చ దిగితిమా వాసము మీదికి చూపు పోవును. వాసము మీదికి చూపు పోయెనా, సూత్రమున చివరి పదము సిద్ధముగా కాచుకొనియున్నది. ఆలోచించి చూడగా, మిగిలిన మూడు కప్పులలో పగులని గూనపెంకును ఏరి రెండు కప్పులకు సరిపెట్టి, రేకులున్న తూర్పుకును దాని యెదుటి పడమటికిని మాత్రము బిళ్లపెంకు వేయుట చవుకయని తేలినది. చూచుటకు కొంత అతుకులబొంతయే. అయినను వాన చూపునకు అందమడుగదు.

“గోడలు చెక్కి సిమెంటు ప్లాస్టింగు, రంగులు.”

ఇందు “సిమెంటు” అనునది అపపాఠము. “సున్నము” అని దిద్దుకొని చదువవలెను.

ఉపపత్తి యేమనగా: సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చుకొనును, ఎండకాలమున విడుచును. నూఱేండ్లు నిలిచినను అది ఆ యుచ్ఛ్వాస నిశ్వాసముల చేతనే నిలిచినది. దానికి సిమెంటు తొడుగు తొడిగినచో లోని చెమ్మకు దారి మూసికొనిపోయి, ఉప్పు పొంగి, మూడు నాలుగు వానకాలములలో తొడుగంతయు అప్పడమువలె ఉబ్బి ఊడిపడును; ఊడునపుడు లోని యిటుక పొరను గూడ లాగికొని పోవును. ఈ మాట చెప్పగా మేస్త్రి చిఱునవ్వు నవ్వి, “నిజమేనండి. మా తాత సున్నం పనే చేసేవాడు. ఇప్పుడు గానుగెక్కడుంది, ఎద్దులెక్కడున్నాయి?” అనెను. తెలియక వ్రాసిన తప్పు కాదు, తెలిసి వ్రాసిన తప్పన్నమాట. పాఠపరిష్కర్తలకు ఇట్టివి మిక్కిలి కష్టము కలిగించును. ఇప్పుడు సున్నపు పూతపని బస్తాలలో కలిపిన సామానుతోనైనను చేయవచ్చును. కూలి యెక్కువ, ఆరుటకు కాలమెక్కువ. అందుచే మా వారు గోడలన్నిటిని చెక్కించుట మాని, తాపీ పిడితో తట్టి డొల్ల పలికిన మేరకే చెక్కించి సున్నముతో పూయించి, తక్కినదానికి వెల్ల వేయించుటకు నిశ్చయించిరి. ఈ యొక్క పాఠశోధనమున చీటీలోని మొత్తము దిగినది. వ్యాఖ్యాత జీవితమున ఇట్టి ఫలము అరుదు.

రంగులను గూర్చి వ్రాయను. సూచీకటాహన్యాయమని యొకటి కలదు: సూదియు కడాయియు రెండును చేయవలసినపుడు కమ్మరి తేలికయని సూదిని ముందు చేయును. శాస్త్రచర్చలో అది మేలే. ఇంటిపనిలో మాత్రము దానివలె చెఱుపు చేయునది లేదు. గోడకు రంగు, నేలకు టైల్సు ముందుగా వేసి, కప్పు సంగతి తరువాత చూతమన్నవారి టైల్సుమీద తరువాత పరంజా గుంజలు నాటుదురు.

“వెనక గది 15 × 15 స్లాబు. బాత్రూం అటాచుడు.”

ఇచట పాఠాంతరము కలదు. 15 × 15 క్రింద కొట్టివేసిన 12 × 18 స్పష్టముగా కనబడుచున్నది. పూర్వపాఠము మేస్త్రిది, పరపాఠము సిద్ధాంతిగారిది. పాఠము మాఱుటకు కారణము ఆయము.

అదెట్లన: గది లోకొలతను గజములలో తెచ్చి, 9చే హెచ్చించి, 8చే భాగింపగా మిగిలినది ఆయము. ఒకటి మిగిలిన ధ్వజము, రెండు ధూమము, మూడు సింహము, నాలుగు శ్వానము, ఐదు వృషభము, ఆఱు ఖరము, ఏడు గజము. ఏమియు మిగులనిచో కాకము. బేసివి శుభములు, సరివి అశుభములు. మేస్త్రి వ్రాసిన 12 × 18 అన 216 చదరపు అడుగులు, అనగా 24 గజములు, 9చే హెచ్చింప 216, 8చే భాగింప శేషము సున్న, కాకాయము. (గజములను తొమ్మిదింట హెచ్చించుటయన మరల అడుగులు చేయుటయే గనుక, చదరపు అడుగులనే ఎనిమిదింట భాగించిన చాలునని నేను మనవి చేసితిని. శాస్త్రమును కుదింపరాదని సిద్ధాంతిగారు నొచ్చుకొనిరి.) “కాకాయంలో అమ్మను పడుకోబెడతారా?” అని మా ఆవిడ కంటతడి పెట్టినది. 15 × 15 అన 225 చదరపు అడుగులు, 25 గజములు, శేషము 1, ధ్వజాయము. ధనమునకై 8చే హెచ్చించి 12చే భాగింప శేషము 8; ఋణమునకై 3చే హెచ్చించి 8చే భాగింప శేషము 3. ధనము ఋణముకంటె హెచ్చుగా నుండవలెనని శాస్త్రము, ఉన్నది. ఈ శుభవార్తను బ్యాంకువారికి ఎవరును తెలుపలేదు.

పెరిగిన నేల యొక్క గజము. దాని వెల మాత్రము గజముతో పోలేదు. తుఫానులో పడిపోయిన తూర్పు వసారాకు చెందిన పదునాలుగడుగుల టేకు దూలములు పశువుల కొట్టములో అటకమీద భద్రముగా నున్నవి. పండ్రెండడుగుల వెడల్పు గదికైనచో గోడలమీద అటు నొక యడుగు ఇటు నొక యడుగు ఆనించి, వానిమీదనే పెంకు నేయవచ్చును; పూర్వపాఠమున మేస్త్రి తలంపు అదియే. పదిహేనడుగులకు ఆ దూలములు చాలవు. కావున స్లాబు వచ్చినది. స్లాబుతో సెంట్రింగు, కంకర, ఇనుము వచ్చినవి. కలపను మోయుటకు పుట్టిన గది కాంక్రీటును మోయవలసివచ్చెను గనుక పునాది లోతు పెరిగినది. కాకి నొకదానిని తోలుటకు ఇంత సంరంభము. సిద్ధాంతిగారిని తప్పుపట్టను, ఆయన తన శాస్త్రము చెప్పినాడు. 13 × 17 అన్నను 221 అడుగులగుననియు, శేషము 5 వృషభాయమనియు, అది మొదట అనుకొన్న వెడల్పునకు కొంచెమే యెక్కువగాన దూలములు తంటాలుపడి సరిపోయెడివనియు అప్పటికప్పుడు లెక్కవేసి చెప్పవలసినవారు ఇంజనీరు, ఆయనను పిలువలేదు. ఫీజు దండుగ యని పిలువలేదు.

ఇంకొక సూత్రమును గూడ ఇచట చెప్పవలెను. ఆయము తెలిసినవారు ఊరికి పదిమంది యున్నారు గాని దీనిని తెలిసినవారు తక్కువ. ఇనుప ఊచ మందమును మిల్లీమీటర్లలో వర్గుచేసి 162చే భాగించినచో, మీటరు ఊచ యెన్ని కిలోలుండవలెనో వచ్చును. 12 మిల్లీమీటర్ల ఊచకు 144ను 162చే భాగింప ఇంచుమించు 0.89 కిలో, 12 మీటర్ల నిలువు ఊచ ఇంచుమించు 10.67 కిలోలు తూగవలెను. కాటాకు పెట్టి చూచుకొన్నవానికి దుకాణదారు గౌరవమిచ్చును.

కొత్తగోడను పాతగోడకు పళ్లు కోసి అతుకుదునని మేస్త్రి అనగా ఇంటివారు సరేయనబోయిరి. ఇది కూడదు. పాత పునాది దిగవలసినంత దిగి యేనాడో కుదుటపడినది. కొత్త పునాది కోనసీమ ఒండ్రునేలలో ఇంకను దిగవలసియున్నది. దిగునది దిగుచు, దిగనిది నిలిచియుండ, నడుమ గోడ పైనుండి క్రిందికి బీట వాఱును. కావున కొత్తగదికి నాలుగవ గోడ దాని దానికే కట్టి, నడుమ సన్నని సందు విడిచి, ఆ సందు మీద నీరు దిగకుండ రేకు మడత వేయవలెను. గోడ యొకటి అదనమైనను ఇచట వేరు కాపురమే శ్రేయస్కరము.

“బాత్రూం అటాచుడు” అని రెండు మాటలలో ముగించెను. ఇది గదా సర్వమునకు మూలమైన సంకల్పము! గడప యెత్తు ఉండరాదని గాని, పట్టుకొనుటకు గోడకు కడ్డీ వేయవలెనని గాని, నేలకు జాఱని బండలు పఱవవలెనని గాని, మలకుండి బావికి దూరముగా ఎచట త్రవ్వవలెనని గాని మూలమున లేదు. ఇవి అన్నియు అధ్యాహారము చేసికొనవలెను, మలకుండి మాత్రము డబ్బిచ్చి అధ్యాహారము చేసికొనవలెను.

గుమ్మము నిలుపునాడు మేస్త్రికిని వడ్రంగికిని బట్టలు, స్లాబు వేయునాడు కూలీలందఱికి భోజనము అనునవియు చీటీలో లేవు. అయినను శ్రుతిస్మృతులలో కనబడనిదానికి శిష్టాచారము ప్రమాణము గనుక వీనిని ప్రశ్నింపరాదు. స్లాబు నాటి భోజనమున కోడికూర లేకున్న కాంక్రీటు సరిగా పట్టదని కోనసీమలో శిష్టుల మతము.

“ఇసుక ఫ్రీ. కిరాయి వేరే.”

సుగమము. 2024 జులై నుండి ఆంధ్రప్రదేశమున ప్రభుత్వము ఇసుకకు వెల పుచ్చుకొనుట లేదు. ఎత్తుడు కూలియు బండి కిరాయియు కొనువాడు పెట్టుకొనవలెను. గోదావరి ఒడ్డున నున్నవానికి ఇసుక ఉచితము. ఒడ్డునుండి దూరమైనకొలది ఉచితము ప్రియమగుచుండును. ట్రాక్టరు తొట్టి నిండినదో లేదో ఇల్లాలు గాని గృహస్థు గాని ఎదుట నిలిచి చూడవలెను.

“కరెంటు ప్లంబింగు వగైరా. ఫిట్టింగులు వేరే.”

పాత యింట తీగలు చెక్కబద్దెల మీద పరుగెత్తుచున్నవి, వానికి ఎర్తు లేదు. గీజరు పెట్టుటకు ముందు ఆ తీగలను సమూలముగా మార్చవలెను. ఇందు సంశయము లేదు, ఆలస్యమును లేదు. కప్పు తరువాత రెండవ స్థానము దీనిదే.

“వగైరా” అను పదమునకు నానార్థములు కలవు. అవి యెల్ల కుటుంబసభ్యుల నోటనుండి వెలువడినవే. ఈ ఘట్టమున ప్రక్షిప్తములు మెండు. ప్రక్షేపకులందఱును ఒకే న్యాయము నాశ్రయింతురు. దానిని నేను పనిలోపని న్యాయమని పేర్కొనుచున్నాను. “ఎలాగూ చేయిస్తున్నారు కదా, పనిలో పని ఏసీ కూడా పెట్టించేయండి అన్నయ్యా, పిల్లలు వచ్చినప్పుడు ఉండలేకపోతున్నారు,” అని డాలస్‌నుండి చిన్న బావమరిది వీడియో కాలులో పలికెను. ఏసీ యన్నచో మీటరు లోడు పెంచవలెనన్నది అతడెఱుగడు. వంటింటికి అల్మరాలు గోడనిండ వేయింపవలెనని హైదరాబాదులోని మఱది కోడలు ఫోటోలు పంపెను. ఆమె ఆ వంటింట సంక్రాంతికి మూడు దినములు వండును. మండువా పైభాగమును అద్దముతో మూయించినచో దుమ్ము పడదనియు, ముచ్చటగా నుండుననియు మా ఆవిడ ప్రతిపాదన. ఇంటిలో వేడెక్కిన గాలి పైకి పోవుటకు ఆ మండువాయే దారి. దానిని మూసినచో తరువాత డాలస్‌వారి ఏసీ అందఱికిని కావలసివచ్చునని నేను మెల్లగా అంటిని. దీనిపై మా యింట ఉత్తరప్రత్యుత్తరములు సాగినవి గాని అవి ఈ వ్యాఖ్యకు వెలుపలివి.

మేస్త్రి చీటీని పెంచినది మేస్త్రి కాడనుట ఇందువలన స్పష్టము. మూలమున లేనిదానిని వ్రాయనని మెదకు సీమవాడగు కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసి, కాళిదాస కావ్యములు మూడింటి వ్యాఖ్యలలోను దానిని నిలుపుకొనెను. కాళిదాసునకు డాలస్‌లో తమ్ముడు లేడు.

“పాత సామాను మాది.”

టీక. పాత సామాను = విప్పినప్పుడు వచ్చు కలప, పెంకు, ఇటుక, ఇనుము; మాది = మేస్త్రిది.

ఈ పంక్తిలో అంకె లేదు. అందుచేతనే చీటీ అంతటిలో ఖరీదైన పంక్తి యిదియే. విప్పుట, మోసికొని పోవుట తామే చూచుకొందుమనియు, దానికి కూలి యడుగమనియు మేస్త్రి దీనికి సౌమ్యముగా అర్థము చెప్పెను. విన్నవారికి అది దానమువలె తోచెను. కాని కొట్టములో నున్న టేకు దూలములును, వెనుక వసారానుండి ఊడదీయు రెండు ద్వారబంధములును, వాని గడపలును ఈ మూడు పదములలో కొట్టుకొనిపోవును. అట్టి కలప నేడు కొందమన్న దొరకునది కాదు. దొరికిన చోట చదరపు అడుగు లెక్కన గాక ఘనపుటడుగు లెక్కన, మెల్లగా గొంతు తగ్గించి చెప్పుదురు. కొత్తగదికి కిటికీలును తలుపులును ఆ కలపనుండియే కోయించినచో వడ్రంగి కూలి తప్ప వేఱు ఖర్చు లేదు. మా బావమరిది ఈ పంక్తిని పెన్సిలుతో నిలువున కొట్టివేసి, “పగిలిన పెంకు, మట్టి మీవి, కలప మాది” అని మార్జినులో వ్రాసెను. మేస్త్రి చూచి, “అలాగేనండి,” అని వెంటనే ఒప్పుకొనెను. అంత వెంటనే ఒప్పుకొనుటను బట్టి, అడుగనివారి యిండ్లనుండి ఎంత టేకు పోయియుండునో పాఠకులూహింతురు గాక.

“మొత్తం 11 లక్షలు అటూ ఇటూ.”

“అటూ” అనగా మొత్తమునకు మించి. “ఇటూ” అనగా మొత్తమునకు లోపల. మొదటిదానికి దృష్టాంతములు కోకొల్లలు. రెండవది ఛందస్సుకొఱకు వచ్చినది.

శంక: సామాను వెలలు తగ్గినచో ఇటు రాదా? సమాధానము: సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 18కి దిగినదని మా బావమరిది పత్రిక తెచ్చి చూపించెను. మేస్త్రి మనఃపూర్వకముగా సంతోషించి, “అయితే ఇంకా మంచి కంపెనీ వేసుకుందామండి,” అనెను.

11 లక్షలు ఎచటనుండి వచ్చుననునది మూలమున లేదు. గృహస్థు మనమున నుండవలెను. ఇల్లు గ్రామకంఠములోనిది, తాతగారి పేర గూడ రిజిష్టరు కాగితము లేదు, అన్నదమ్ములు పంచుకొనలేదు. కట్టినవాని పేరు ఊరంతటికి తెలియును గాని బ్యాంకునకు తెలియదు. కావున ఇంటిమీద ఇంటి ఋణము పుట్టలేదు. ఇంటిలోని బంగారముమీద పుట్టినది; వడ్డీ హెచ్చు, గడువు తక్కువ. కాగితములన్నియు ఉండి ఋణము దొరకిన అదృష్టవంతులును ఒకటి ఎఱుగవలెను: ఆదాయపు పన్ను పాత విధానమున, తాము కాపురముండు నింటిని కొనుటకో కట్టుటకో చేసిన యప్పు వడ్డీకి ఏటా 2 లక్షల వఱకు మినహాయింపు కలదు, మరమ్మతునకై చేసిన యప్పు వడ్డీకి 30,000 వఱకే, కొత్త విధానమున వానిలో ఏదియు లేదు. పాతదానిని నిలుపుకొనువానికంటె కొత్తది కట్టువానిమీద శాసనకర్తలకు ప్రేమ మెండు.

తాత్పర్యనిర్ణయము

ఒక గ్రంథముయొక్క తాత్పర్యమును ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి యను నాఱు లింగములచే నిర్ణయింపవలెనని మీమాంసకులు. ఈ చీటీకి అన్నియు అక్కఱలేదు, అభ్యాస మొక్కటియే చాలును. ఏ మాట మరల మరల వచ్చుచున్నదో అదియే తాత్పర్యము. “ఇల్లు” అను మాట చీటీలో ఒక్కమాఱును రాలేదు. “వేరే” అను మాట మూడు మాఱులు వచ్చినది. కావున గ్రంథకర్త ద్వైతియనియు, అంచనా వేఱు ఖర్చు వేఱు అనుట ఆయన సిద్ధాంతమనియు తేలుచున్నది.

దీనిని ఖండించుట వ్యర్థము. పాత యిల్లు తన గోడలో నేమున్నదో విప్పకముందు చెప్పదు. ఎంత వాసము మార్చవలెనో ఇంద్రుడును చెప్పలేడు. పరిమాణము తెలియకుండుట ఇంటి స్వభావము, రేటు తెలియకుండుట మాత్రము గృహస్థు చేసికొన్నది. అందుచే మా బావమరిది శుభలేఖను ప్రక్కనబెట్టి తెల్లకాగితముమీద చీటీని తిరుగ వ్రాయించెను. ప్రతి “వేరే”కును ఎదుట రేటు పడినది: వాసము మారిస్తే అడుగుకింత, ఇసుక ట్రిప్పుకింత, కుళాయికింత, కమోడుకింత. వరుస మాఱినది: ముందు కప్పు, తూము, పిదప తీగలు, పిదప అత్తగారి స్నానపుగది, మిగిలిన గది, ఆ మీద రంగులు. తనకడనున్న ధనమున అయిదవ పాలును ఎవరికిని చెప్పక వేఱుగా నుంచెను. తమ్ములకు గాని, మా ఆవిడకు గాని, నాకు గాని ఎంతయో చెప్పలేదు. పైకము పునాదికింత, లింటెలుకింత, స్లాబుకింత యని పని వెనుకనే నడచునట్లు ఏర్పఱచి, పెంకు నేతకు సంబంధించిన చివరి వాయిదా మొదటి గట్టివాన కురిసి కప్పు కారకున్నచో ఇత్తునని వ్రాసెను.

మేస్త్రి కాగితమంతయు చదివి, అంతటికిని తల యూచి, చివరి పంక్తి కడ ఆగెను.

“వాన ఎప్పుడు పడుతుందో నాకేం తెలుసు బాబూ?”

“మృగశిర కార్తెకు పడదా?”

అతడు తలగుడ్డ విప్పి ముఖము తుడుచుకొని, కొంతసేపు తూర్పు వసారా రేకులవైపు చూచెను. “మృగశిర వానకైతే పూచీ నాదేనండి,” అనెను. “తుఫాను వానకైతే మాత్రం వేరే.”